నేల మీదే అసలు గండం

హ్యాంగర్‌లో చోటు దొరకని చిన్న విమానానికి కవరే ఇల్లు. దాని ఎంపికలో పొరపాటు జరిగితే నష్టపోయేది విమానం. దాన్ని తీయడం మరిచిపోతే ప్రమాదం ప్రాణాలకే

ఏప్రిల్ మధ్యాహ్నం. దక్కన్ పీఠభూమి మీద ఓ చిన్న ఎయిర్‌ఫీల్డ్. హ్యాంగర్‌లో చోటు దక్కని నాలుగు సీట్ల విమానాలు రెండు కాంక్రీటు మీద పక్కపక్కనే నిలబడి ఉన్నాయనుకుందాం. ఒకే మోడల్, ఒకే వయసు. మొదటిదాని తలుపు తీస్తే పొయ్యి సెగలాంటి గాలి ముఖానికి కొడుతుంది. సీటు బెల్టు బకిల్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ముందు అద్దంలోంచి సూర్యుడి వైపు చూస్తే సాలెగూడులా సన్నని గీతలు. రెండోదాని నెత్తిన వెండిరంగు తొడుగు, ముక్కు దగ్గర ఎర్రని మూతలు, రెక్క కింద ఎర్ర జెండా వేలాడే చిన్న సంచి ఉన్నాయి. దాని లోపలా వేడిగానే ఉంటుంది. కాకపోతే పైలట్ కూర్చోగలడు, అద్దంలోంచి రన్‌వే స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ తేడాకు కారణం కొన్ని వందల డాలర్ల గుడ్డ. కొత్త సెస్నా 172 ధర నేడు 4 లక్షల డాలర్ల పైమాటే. సొంత విమానం ఉన్నవారు ఏడాదికి 100 గంటలు ఎగిరినా, మిగతా 8,660 గంటలూ అది నేల మీదే ఉంటుంది. ఇంజిన్ గురించి, రేడియోల గురించి నెలల తరబడి ఆలోచించి కొనే యజమాని, విమానం ఎక్కువ కాలం గడిపే స్థితి గురించి మాత్రం చివర్లో ఆలోచిస్తాడు. 'ఏదో ఒక కవరు కప్పితే సరి' అనుకోవడం అక్కడే మొదలవుతుంది. నిజానికి తప్పుడు కవరు కంటే అసలు కవరు లేకపోవడమే నయమనిపించే సందర్భాలున్నాయి.

ఈ మాటకు ఆధారం విమానం తయారుచేసినవారి పుస్తకంలోనే ఉంది. 1955లో తొలిసారి ఎగిరి, ఇప్పటిదాకా 44,000కు పైగా తయారైన సెస్నా 172 ప్రపంచంలో అత్యధికంగా తయారైన విమానం. దాని పాత మోడళ్ల పైలట్ పుస్తకం ఓ హెచ్చరిక చేస్తుంది. మంచువాన కురిసే సూచన ఉంటే తప్ప ముందు అద్దం మీద కాన్వాస్ కవరు కప్పవద్దని, అది ప్లాస్టిక్‌ను గీరేయవచ్చని దాని సారాంశం. విమానాన్ని కట్టి ఉంచే పద్ధతి చెప్పే భాగంలో మాత్రం పీటో ట్యూబుకు మూత పెట్టమని అదే పుస్తకం సూచిస్తుంది. అంటే సమస్య కవరు వాడాలా వద్దా అన్నది కాదు. ఎక్కడ, ఏ గుడ్డ, ఎంత బిగువుగా అన్నదే.

ఎండ: కంటికి కనిపించని కోత

చిన్న విమానాల కిటికీలు గాజువి కావు, ఎక్కువగా అక్రిలిక్ ప్లాస్టిక్‌వి. తేలిక, వంపు తిప్పడం సులువు. కానీ గాజు కంటే చాలా మెత్తన. ఏళ్ల తరబడి ఎండ తగిలితే లోపల వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. మామూలు వెలుగులో కనిపించని ఈ పగుళ్లు, సాయంత్రం పడమటి వైపు దిగేటప్పుడు అద్దం మొత్తాన్ని మసకబార్చేస్తాయి. సరిగ్గా పైలట్‌కు చూపు బాగా కావలసిన సమయమది. ముందు అద్దం మార్పించాలంటే ఖర్చు కవరు ధరకు ఎన్నో రెట్లు.

మూసిన క్యాబిన్‌లో ఉష్ణోగ్రత బయటికంటే 20 డిగ్రీలకు పైగా పెరగడం మామూలే. రాయలసీమలోనో, విదర్భలోనో 42 డిగ్రీల ఎండలో నిలిపిన విమానం లోపల ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. సీట్ల నురుగు, తలుపుల రబ్బరు, డాష్‌బోర్డు ప్లాస్టిక్ ముందు దెబ్బతింటాయి. పాత విమానాల్లో గడియారం ముళ్లలాంటి మీటర్లుండేవి. వాటి స్థానంలో కంప్యూటర్ తెరలు వచ్చాక వేడి నుంచి రక్షణ అవసరం మరింత పెరిగింది.

లోహానికి బదులు ఫైబర్, రెజిన్లతో చేసిన కాంపోజిట్ విమానాలకు మరో చిక్కు ఉంది. వేడెక్కితే రెజిన్ బలం తగ్గుతుంది. ఇలాంటి విమానాల్లో చాలావాటికి తెల్లరంగే వేయడానికి కారణం ఇదే. డైమండ్ కంపెనీ డీఏ20 శిక్షణ విమానంలో నిర్మాణ భాగాల వేడిని చూపే సూచిక కూడా ఉంటుంది. 55 డిగ్రీలు దాటినట్లు అది చూపితే చల్లబడేదాకా ఎగరకూడదు. అదే కంపెనీకి చెందిన డీఏ40, డీఏ42 విమానాల మీదే ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ శిక్షణ ఇస్తోంది. బుడగలాంటి పెద్ద గాజుగదిని తలపించే ఈ విమానాలకు ఎండాకాలం కవరు అలంకారం కాదు.

కార్లలో వాడినట్లు లోపలి వైపు మెరిసే అట్టలు పెడితే సరిపోదా? సీట్లను, మీటర్లను అవి కాపాడతాయి. చౌక, తేలిక, ఒక్క నిమిషంలో పెట్టేయవచ్చు. ప్రయాణంలో ఓ గంట ఆగినప్పుడు చాలు. అయితే అద్దం మాత్రం ఎండకు ఎండుతూ, దుమ్ముకు గీరుకుంటూ బయటే ఉంటుంది. రోజుల తరబడి నిలిపి ఉంచేవారికి బయటి కవరే దారి.

వాన: ఆపడం కాదు, ఆరనివ్వడం

భారత్‌లో విమానయానానికి, రుతుపవనాలకు పేచీ మొదటి నుంచీ ఉంది. 1932లో జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపాక, జుహూలోని మట్టినేలే టాటాల స్థావరమైంది. వానాకాలం వచ్చేసరికి ఆ నేల నీటిపాలయ్యేది. దాంతో విమానాలను పూనాకు తరలించేవారు. ఇవాళ కాంక్రీటు ఆప్రాన్లు ఉన్నా, హ్యాంగర్‌లో చోటు మాత్రం అందరికీ దొరకదు. నాలుగు నెలల వానను ఆరుబయట తట్టుకోవాల్సిన విమానాలు ఎప్పుడూ ఉంటాయి.

ఇక్కడే కొనేవారు ఎక్కువగా బోల్తా పడతారు. నీటిచుక్క దూరని కవరే గొప్పదనుకుంటారు. ధాన్యం రాశుల మీద కప్పే టార్పాలిన్ పట్టాను తెచ్చి విమానం మీద కప్పితే వాన లోపలికి రాదు నిజమే. అయితే కాంక్రీటు నుంచి పైకి లేచే ఆవిరి, క్యాబిన్‌లోని తేమ కూడా బయటికి పోవు. రాత్రి చల్లబడగానే పట్టా లోపలి వైపు నీటి బిందువులు పేరుకుంటాయి. వారం తర్వాత తలుపు తీస్తే సీట్ల మీద బూజు, కార్పెట్ కింద చెమ్మ. లోహపు విమానంలో ఆ చెమ్మే తుప్పుకు పునాది. విశాఖపట్నం, చెన్నై వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి తోడైతే అల్యూమినియం మరీ వేగంగా దెబ్బతింటుంది.

అందుకే మంచి కవరు గుడ్డ ఎక్కువ వానను జార్చేస్తుంది, లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది. దారం తయారీలోనే రంగు కలిపే అక్రిలిక్ గుడ్డ ఈ కోవలోది. పడవల మీద, దుకాణాల ముందు పందిళ్లకు వాడే సన్‌బ్రెల్లా రకం ఇలాంటిదే. ఎండకు త్వరగా వెలవదు, గాలి ఆడుతుంది. అయితే బరువు, మడిస్తే ఎక్కువ చోటు పడుతుంది. కుండపోత గంటల తరబడి కొడితే కాస్త చెమ్మ దిగుతుంది. వెండిపూత వేసిన పాలియెస్టర్ తేలిక, ఎండను తిప్పికొడుతుంది, నీటిని బాగా ఆపుతుంది. కానీ గాలి తక్కువ ఆడుతుంది. పల్చటి నైలాన్ చిన్న సంచిలో ఇమిడిపోతుంది కనుక ప్రయాణాలకు బాగుంటుంది. రోజూ ఎండలో ఉంచితే మాత్రం త్వరగా చీకిపోతుంది. నూలు కాన్వాస్ తడిస్తే బరువెక్కుతుంది, ఆరదు, బూజు పడుతుంది.

క్యాబిన్ మీద కవరున్నంత మాత్రాన రెక్కలు తడవకుండా ఉండవు. 172లో ఇంధనం ఉండేది రెక్కల్లోనే. ట్యాంకు మూత రబ్బరు పాతదైతే వాననీరు పెట్రోలులోకి దిగుతుంది. పెట్రోలు కంటే బరువైన నీరు ట్యాంకు అడుగుకు చేరి, సరిగ్గా టేకాఫ్ సమయంలో ఇంజిన్‌కు అందితే చాలు, కథ ముగిసినట్లే. ట్యాంకు మూతల దాకా వచ్చే వెడల్పు కవరు ఈ ముప్పును తగ్గిస్తుంది. అది ఉన్నా, ప్రతిసారీ ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి నమూనా తీసి నీరుందేమో చూడటం తప్పదు.

గాలి: గుడ్డే గరుకు కాగితమైతే

కవరుకు, అద్దానికి మధ్య చేరిన ఇసుక రేణువులు గాలికి గుడ్డ కదిలినప్పుడల్లా అద్దాన్ని రాపాడిస్తాయి. సెస్నా పుస్తకం భయమంతా దీని గురించే. ఈ భయానికి విరుగుళ్లు మూడు. మొదటిది, లోపలి వైపు మెత్తని అస్తరు. రెండోది, ఆ మోడల్ కొలతలకే కుట్టిన బిగువైన కవరు. మూడోది, కప్పే ముందు అద్దం మీద దుమ్మును పుష్కలంగా నీళ్లుపోసి కడగడం. పొడిగుడ్డతో తుడిస్తే కవరు చేయాల్సిన హాని చెయ్యే చేసేస్తుంది. ఇంట్లో వాడే గాజు క్లీనర్లు, పెట్రోలు అక్రిలిక్‌కు పడవు.

'అన్ని విమానాలకూ సరిపోతుంది' అని అమ్మే కవరు దేనికీ సరిపోదు. ఒకే మోడల్‌లోనూ తయారైన ఏడాదిని బట్టి కిటికీల ఆకారం మారుతుంది. పైకప్పు మీద రేడియో యాంటెనాలు, గాలి లోపలికి వచ్చే గొట్టాలు, థర్మామీటరు ఎక్కడెక్కడున్నాయో చూసి ఆ చోట కోతలో, జేబులో పెట్టించాలి. లేదంటే ప్రతిసారీ కవరు లాగినప్పుడు యాంటెనా వంగుతుంది. పొట్ట కింది నుంచి వచ్చే పట్టీలు మూడు నాలుగు ఉంటే గుడ్డ కొట్టుకోదు. బకిల్ లోహంది అయితే దాని మీద గుడ్డ తొడుగు ఉండాలి. పెయింటును గీరేవాటిలో మొదటిది అదే.

కవరు ఎంత గట్టిదైనా విమానాన్ని పట్టి ఉంచదు. ఆ పని తాళ్లది. రెక్కలను, తోకను, ముక్కును నేలలోని కొక్కేలకు కట్టే తాడు ఒక్కోటి 700 పౌండ్లు, అంటే దాదాపు 318 కిలోల లాగుడును తట్టుకోవాలని 172 పుస్తకం చెబుతుంది. లెక్క సులువు. ఈ విమానం నేల విడిచి లేచే వేగం గంటకు సుమారు 100 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను గాలుల వేగం గంటకు 170 కిలోమీటర్ల పైమాటే. ఆ రోజు విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. అలాంటి గాలిలో నిలబెట్టిన చిన్న విమానం తానున్న చోటనే ఎగరబోతుంది. వదులు కవరు దానికి తెరచాపగా మారుతుంది. తుపాను హెచ్చరిక వస్తే చేయాల్సింది రెండో కవరు కప్పడం కాదు, విమానాన్ని అక్కడి నుంచి తరలించడం.

గోరింక, కందిరీగ

ఎండా వానల కంటే వేగంగా ముప్పు తెచ్చేవి పక్షులు, పురుగులు. ఇంజిన్‌కు గాలి అందించే ముందు రంధ్రాలు గోరింకకు, పిచ్చుకకు కట్టించి ఇచ్చిన గూళ్లలా ఉంటాయి. కొన్ని గంటల్లోనే దోసెడు ఎండుగడ్డి చేరిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. ఇంజిన్ వేడెక్కాక చల్లబరిచే గాలి ఆడదు, గడ్డి అంటుకోవచ్చు కూడా. దీనికి మందు ఆ రంధ్రాల్లో బిగువుగా అమరే నురుగు మూతలు. మంచి జతలో రెండు మూతలనూ ప్రొపెల్లర్‌ను చుట్టి వచ్చే తాడుతో కలుపుతారు. ఎవరైనా తీయడం మరిచి ఇంజిన్ స్టార్ట్ చేసినా తిరిగే ప్రొపెల్లర్ వాటిని లాగి పడేస్తుంది.

కందిరీగది మరో కథ. ఎదురుగాలి ఒత్తిడిని కొలిచి వేగాన్ని చెప్పే సన్నని గొట్టం పీటో ట్యూబ్. 172లో ఎడమ రెక్క కింద ఉంటుంది. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు అంతకంటే అనువైన రంధ్రం దొరకదు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా నుంచి లేచిన బిర్గెన్ ఎయిర్ బోయింగ్ 757 సముద్రంలో కూలి 189 మంది మరణించారు. అంతకుముందు 20 రోజులు ఎగరకుండా ఉన్న ఆ విమానం పీటో ట్యూబులకు చివరి రోజుల్లో మూతల్లేవు. ఒక ట్యూబు మూసుకుపోయిందని, బహుశా కందిరీగలే కారణమని దర్యాప్తు అభిప్రాయపడింది. మూసుకుపోయిన గొట్టంతో విమానం పైకి వెళ్లేకొద్దీ కెప్టెన్ ముందున్న మీటరు లేని వేగాన్ని చూపింది. వేగం ఎక్కువైందన్న భ్రమలో ముక్కు పైకి లేచింది, అసలు వేగం పడిపోయింది.

అది పెద్ద విమానం. వేగం చెప్పే వ్యవస్థలు దానికి ఒకటికి మించి ఉన్నాయి. చిన్న విమానానికి సాధారణంగా ఉండేది ఒకే ఒక్క గొట్టం. వేలెడంత మూత విలువ అక్కడ తెలుస్తుంది.

మరిచిపోతే

ఈ కథలో రెండో సగం కవరు అమ్మేవారు అంతగా చెప్పరు. ప్రాణాలు కాపాడే మూతే, తీయడం మరిచిపోతే ప్రాణాలు తీయగలదు. 2018 జులై 18న బ్రిస్బేన్ నుంచి కౌలాలంపూర్‌కు బయలుదేరిన మలేసియా ఎయిర్‌లైన్స్ ఏ330 మూడు పీటో గొట్టాలకూ మూతలతోనే గాలిలోకి లేచింది. బ్రిస్బేన్‌లో కందిరీగల బెడద వల్ల పెట్టిన మూతలవి. విమానంలో 229 మంది ఉన్నారు. వేగం చెప్పే మీటర్లు పనిచేయకున్నా పైలట్లు వెనక్కి తిప్పి క్షేమంగా దించారు. 2022 మేలో అదే విమానాశ్రయంలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏ350కి కూడా మూతలు అలాగే ఉండిపోయాయి. అది కదలబోయే కొద్ది నిమిషాల ముందు, ఇంధనం నింపే సిబ్బందిలో ఒకరు గమనించబట్టి సరిపోయింది.

లిమాలో ఆ అదృష్టం దక్కలేదు. 1996 అక్టోబరు 2న ఏరోపెరూ 757ను కడిగేటప్పుడు గాలి పీడనాన్ని కొలిచే స్టాటిక్ రంధ్రాల మీద టేపు అతికించారు. తర్వాత తీయలేదు. చీకట్లో ఎత్తూ వేగమూ తెలియని విమానం పసిఫిక్‌లో కూలి 70 మంది చనిపోయారు. ఆ టేపు వెండిరంగుది. విమానం ఒంటి రంగులో కలిసిపోయింది.

చిన్న విమానం యజమానికి ఇందులో సూటి పాఠం ఉంది. రంధ్రాన్ని మూసే ప్రతి వస్తువూ దూరం నుంచి కొట్టొచ్చినట్లు కనిపించాలి. పెయింటుకు నప్పే రంగు కవరుకు సరే, మూతకు పనికిరాదు. టేపు, గుడ్డపీలిక, ప్లాస్టిక్ సంచి అసలే వద్దు. పొడవాటి ఎర్ర రిబ్బను, దాని మీద తెల్లటి అక్షరాలు ఉండేది అందుకే. కొందరు మూతలన్నిటినీ లెక్కపెట్టి ఒకే సంచిలో వేస్తారు. సంచి నిండితేనే తాళంచెవి చేతికి తీసుకుంటారు.

ఖరీదు ఎంత, ఎవరికి ఏది

అమెరికాలో చిన్న విమానాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి కాబట్టి మోడల్ పేరు, ఏడాది చెబితే చాలు, కొలతకు కుట్టి పంపే దుకాణాలున్నాయి. అక్కడ చలి ప్రాంతాల వారికి రెక్కల కవర్లూ తప్పనిసరి. గరుకు కాగితమంత మందాన మంచు పేరుకున్నా రెక్క లేపే శక్తి 30 శాతం దాకా తగ్గుతుంది. తెలంగాణ, ఆంధ్రలో ఆ ఖర్చు దండగ. ఇక్కడికి తెప్పించుకునేవారు ధరకు రవాణా, కస్టమ్స్ సుంకం కలుపుకోవాలి. స్థానికంగా కుట్టించాలనుకుంటే మాత్రం ముందు పాత బెడ్‌షీట్లతో నమూనా కుట్టించి, విమానం మీద వేసి చూసుకుని ఆ తర్వాతే ఖరీదైన గుడ్డ కోయించడం మేలు.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఒక్కరే, నిచ్చెన లేకుండా, గాలి వీస్తుండగా ఆ కవరు కప్పగలరా? కప్పడానికి ఇద్దరు మనుషులు, అరగంట పట్టే కవరు వారం తిరిగేసరికి బ్యాగేజీ అరలోనే ఉండిపోతుంది. కప్పని కవరు ఎంత మంచిదైనా ఒకటే.

కొనే ముందు, కప్పే ముందు

* హ్యాంగర్‌లో ఉంటే దుమ్ము, పావురాల రెట్టల నుంచి కాపాడే తేలికపాటి గుడ్డ చాలు. పక్షులు దూరే చోటైతే ఇంజిన్ మూతలు కూడా.
* ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉన్న చోట లేత రంగు లేదా వెండిపూత గుడ్డ, లోపల మెత్తని అస్తరు.
* వాన, ఉప్పుగాలి ఉన్న చోట గాలి ఆడే అక్రిలిక్. ట్యాంకు మూతల దాకా వెడల్పు. కప్పే ముందు ఉప్పును మంచినీటితో కడగాలి.
* మోడల్, తయారైన ఏడాది, యాంటెనాల స్థానాలు ఫొటోలతో సహా దుకాణానికి ఇవ్వాలి.
* దిగీ దిగగానే ఇంజిన్ మీద కవరు వద్దు. చల్లబడనివ్వాలి. పీటో గొట్టానికి హీటర్ వేసి ఉంటే అదీ చల్లారాకే మూత.
* కవరు లోపలి వైపు నేలకు ఆనకుండా మడవాలి. అంటిన ఇసుక రేపు అద్దం మీదికే చేరుతుంది.
* ఎండ రోజున కవరు తీసి, తలుపులు తెరిచి, క్యాబిన్‌ను ఆరనివ్వాలి.
* పెట్టేటప్పుడు లెక్కపెట్టిన మూతలు, తీసేటప్పుడూ అన్నే ఉండాలి. ఒకటి తగ్గితే ఆ రోజు ఎగరడం తర్వాత, వెతకడం ముందు.